మందు పొట్లముపై “క్యూప్రస్”, “క్యూప్రిక్” అనగా నేమి?

నల్లపాడు ప్రాంతపు మిరప రైతులకు రాగి మందులు క్రొత్తవి కావు. మడిలో నారుకుళ్ళు, చేలో కొమ్మ ఎండు, కాయకుళ్ళు కనిపించినచో ముందుగా జ్ఞప్తికి వచ్చునవి ఇవియే. కాని “అన్నియు రాగియే గదా” యని ఒకదానికి బదులు వేరొకటి చల్లినచో చేను మాడవచ్చును.

రాగికి లాటిను పేరు క్యూప్రం. పూర్వము సైప్రస్ ద్వీపమునుండి వచ్చిన లోహ మగుటచే ఆ పేరు కలిగెను. రాగి పరమాణువు ఒక ఎలక్ట్రానును విడిచి ఏర్పడు పదార్థము “క్యూప్రస్”, రెండు విడిచినది “క్యూప్రిక్”. మీరెరిగిన అన్నభేదిని చూడుడు. అది ఫెర్రస్ సల్ఫేటు. తడిగాలి తగిలి తుప్పురంగుకు మారిన భాగము ఫెర్రిక్. లోహ మేదైనను “అస్” తక్కువ, “ఇక్” ఎక్కువ. క్యూప్రస్ ఆక్సైడు ఎర్రని పొడి, క్యూప్రిక్ ఆక్సైడు నల్లనిది.

నీలపు మైలుతుత్తము, ఆకుపచ్చని కాపర్ ఆక్సీక్లోరైడు, రెండును క్యూప్రిక్ జాతివే. జాతి యొకటైనను గుణ మొకటి కాదు. మైలుతుత్తము నీటిలో పూర్తిగా కరగును. కరగిన రాగి ఒక్కమారుగా ఆకులో దిగి మాడ్చును. ఆక్సీక్లోరైడు కరగదు. ఆకుపై పూతగా నిలిచి, మంచు తడికి కొద్దికొద్దిగా రాగిని విడుచును. బూజు బీజము మొలకెత్తకుండుటకు ఆ కొద్దియే చాలును. లీటరు నీటికి 3 గ్రాములు కలిపి, అడుగున పేరుకొనకుండ తరచు కదుపుచు చల్లవలెను.

మైలుతుత్తమును వాడదలచినచో సున్నముతో విరిచియే వాడవలెను. అదియే బోర్డో మిశ్రమము. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మిలార్డే 1885లో ద్రాక్షతోటల బూజు తెగులుకు దీనిని ప్రకటించెను. ఒక కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలోను, ఒక కిలో తాజా రాతిసున్నమును మరి 50 లీటర్లలోను వేరుగా కలిపి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయుచు కలియబెట్టవలెను. ఇనుప పాత్రలు పనికిరావు. మట్టి కుండలో, ప్లాస్టిక్ తొట్టిలో కలుపవచ్చును. తరువాత సానపట్టిన కొడవలి మొనను ఒక నిమిషము ముంచి చూడుడు. మొనపై ఎర్రని రాగి పూత పట్టినచో కరగిన రాగి ఇంకను మిగిలియున్నదన్నమాట. పూత పట్టనంతవరకు సున్నపు నీరు చేర్చవలెను. ఈ పరీక్షకు బద్ధకించిన చేలే ఎక్కువగా మాడును. కలిపిన మిశ్రమమును ఆనాడే వాడవలెను.

మిరపలో ఆకుముడత తామరపురుగులు, నల్లులు మున్నగువాని వలన వచ్చును. దానికి ఏ రాగి మందును పనిచేయదు.