పురుగుని చూసి ఛీ అనకండి

మీ వాడు బడి నుంచి వచ్చి, బూట్లైనా విప్పకుండా "అమ్మా, మా పురుగు ఇవాళ బోలెడు దొడ్డికెళ్ళింది" అన్నాడనుకోండి. "తినే వేళ ఆ మాటలేంట్రా" అని కసరాలనిపిస్తుంది. కాస్త ఓర్చుకుని "అవునా, ఎలా ఉంది?" అని అడిగి చూడండి. చిన్న చిన్న ఉండలుగా ఉందని, పొద్దున లేదని, ఆకు మొత్తం తినేశాకే వచ్చిందని చెప్తాడు. తిండికీ దానికీ ఉన్న లంకెని నాలుగేళ్ళవాడు ఎవరూ చెప్పకుండా పట్టేశాడన్నమాట. కసిరితే ఈ కబురు అక్కడితో ఆగిపోతుంది. రేపు బడిలో ఏం జరిగిందని అడిగినా "ఏం లేదు" అంటాడు.

ఆ పురుగు కరివేపాకు మొక్కది. కరివేపాకు, నిమ్మ, బత్తాయి, మారేడు ఆకుల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలకి మన ఊళ్ళలో కొదవ లేదు. మూడో అంతస్తు బాల్కనీలో ఒక్క కుండీ ఉన్నా వెతుక్కుంటూ వచ్చేస్తాయి. చిన్నపిల్లల తరగతికి ఇంతకంటే చవకైన, తేలికైన ప్రాజెక్టు నాకు తెలిసి లేదు. వెడల్పాటి సీసా, మూతికి కట్టడానికి దోమతెర ముక్క, రోజూ రెండు రెబ్బల లేతాకు ఉంటే చాలు. గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పిగులుతుంది. బయటికొచ్చిన పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలాగే ఉంటుంది. ఆ వేషంతోనే పక్షుల కళ్ళు కప్పుతుంది. చర్మం విడుస్తూ, విడుస్తూ పచ్చగా, బొద్దుగా తయారవుతుంది. పుల్లతో కాస్త కదిపితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల జంట తన్నుకొస్తుంది, దాంతోపాటు ఘాటు వాసన. ఆ రోజు క్లాసులో గోల ఇంతా అంతా కాదు. తర్వాత ఒకనాడు తిండి మానేసి, పుల్లకి అతుక్కుని, నడుముకి సన్నటి దారం కట్టుకుని ప్యూపాగా మారుతుంది. "బజ్జుంది" అంటారు పిల్లలు. వేడి రోజులైతే పది రోజులకి అటూ ఇటూగా ఒక పొద్దున అది చిట్లి, నలిగిన తడి రెక్కలతో సీతాకోకచిలుక బయటికొచ్చి వేలాడుతుంది. రెక్కలు విచ్చుకుని ఆరేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. అంతసేపు చేతులు కట్టుకుని నిలబడటం మూడేళ్ళ పిల్లకి అన్నిటికంటే పెద్ద పాఠం.

గోడమీద జంతువుల చార్టు పనికిరాదని కాదు. కానీ చార్టులో ఏనుగూ ఎలకా ఒకే సైజులో, పక్కపక్క గళ్ళలో ఉంటాయి. ఏదీ కదలదు, ఏదీ తినదు. జీబ్రా పేరు గుక్కతిప్పుకోకుండా చెప్పే పిల్ల తన గుమ్మం ముందు చీమలు ఏం మోసుకెళ్తున్నాయో చూడకపోవడం మనకి లోటుగా అనిపించదు. చిన్నపిల్లల చదువు పద్ధతికి పేరుపడ్డ మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం మూలంగా ఏళ్ళతరబడి ఇక్కడే ఉండిపోయినప్పుడు, 1942 నుంచి రెండేళ్ళు కొడైకెనాల్‌లో గడిపింది. చుట్టూ ఉన్న చెట్లూ పురుగులూ నీటి జీవాలే అక్కడి పిల్లలకి పాఠాలు. జూకి తీసుకెళ్ళొద్దని అననుగానీ, అక్కడ పులిని వదిలేసి దారి పక్క ఉడతని చూస్తూ నిలబడిపోతే చెయ్యి పట్టి లాగకండి. టికెట్టు డబ్బులు ఉడతతోనే గిట్టుబాటయ్యాయి.

ఇందులో తల్లిదండ్రుల వంతు పాఠం చెప్పడం కాదు. పిల్లలు ముందుగా చూసేది మీ మొహం. బల్లి కనపడగానే మీరు కేక పెట్టి మంచం ఎక్కితే, ఆ కేకతోనే బల్లి అంటే ఏమిటో వాళ్ళకి తెలిసిపోతుంది. భయం ఉంటే దాచక్కర్లేదు. "నాకు భయమే, దూరం నుంచి చూద్దాం" అనొచ్చు. కానీ ఒక అలవాటు మాత్రం దయచేసి మానేయండి: "ముద్ద తినకపోతే పిల్లి ఎత్తుకుపోతుంది, కుక్క వచ్చి కరుస్తుంది" అని బెదిరించి తినిపించడం. బడిలో కుక్కపిల్ల బొమ్మ దగ్గరికి కూడా రాని పిల్లల్ని చూస్తే, వాళ్ళ ఇంట్లో ముద్దలు ఎలా దిగుతున్నాయో ఊహించుకోవచ్చు.

ఇక థర్మోకోల్ సంగతి. "మీ పిల్లలతో ఒక జంతువు బొమ్మ చేయించి పంపండి" అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. రాత్రి పదకొండింటికి నాన్న ఫెవికాల్‌తో థర్మోకోల్ జిరాఫీ మెడ నిలబెడుతుంటాడు, పిల్ల ఎప్పుడో నిద్రపోయి ఉంటుంది. ఆ జిరాఫీ ఎవరికి? పురుగుని చూసొచ్చిన పిల్ల చేతికి కాగితం, క్రేయాన్ ఇవ్వండి చాలు. పదహారు కాళ్ళు వేస్తే తప్పు అనకండి. పురుగుకి ముందు ఆరు అసలు కాళ్ళూ, వెనక పది పొట్టి కాళ్ళూ ఉంటాయి, తను లెక్కపెట్టే ఉంటుంది. సీతాకోకచిలుక అయ్యాక ఆరే మిగులుతాయి. "మిగతావి ఏమయ్యాయి?" అని తను అడిగిన రోజు మీకు జవాబు రాకపోయినా ఫరవాలేదు, "రేపు టీచర్ని కలిసే అడుగుదాం" అనండి. "ఇదేం రంగు, ఎన్ని రెక్కలు" అని మీరు పరీక్షలు పెట్టే బదులు "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?" అని అడగండి.

అన్ని ప్యూపాల నుంచీ సీతాకోకచిలుక రాదు. ఒక్కోసారి అది నల్లబడి ఎండిపోతుంది. ఒక్కోసారి చిన్న కన్నం పడి, అందులోంచి చీమలంత కందిరీగలు బయటికొస్తాయి. వాటి తల్లి అందులో గుడ్లు పెట్టింది, పిల్లలు లోపలున్నదాన్ని తిని పెరిగాయి. ఇది పిల్లలకి చెప్పాలా అని పెద్దవాళ్ళు తెగ బాధపడతారు. చెప్పాలి. పిల్లలు కాసేపు దిగులుపడి, "ఆ కందిరీగలు ఏం తింటాయి?" అని అడుగుతారు. చచ్చిపోయినదాన్ని "నిద్రపోయింది" అని మాత్రం అనకండి. ప్యూపాని వాళ్ళే "బజ్జుంది" అన్నారు కదా, అది లేచి ఎగిరింది కూడా. ఇది లేవదు. రెంటికీ ఒకే మాట వాడితే రాత్రి పక్క ఎక్కడానికి భయపడే పిల్లలుంటారు.

ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే వాళ్ళని ఒకరోజు క్లాసుకి పంపండి. కోడిని పొదగేయడం, ఇరవై ఒకటో రోజు పిల్లలు పెంకు పొడవడం, గేదె దూడకి పాలు చేపడం ఇవన్నీ చేత్తో చేసినవాళ్ళు చెప్తుంటే పిల్లలు కదలరు. జాతరలో రంగులద్దిన కోడిపిల్లల్ని మాత్రం ఆ ఉత్సాహంలో కొనకండి, అవి బతకడం కష్టం. రామచిలుకని పంజరంలో పెంచడమైతే వన్యప్రాణి చట్టం కింద నేరమే.

జాగ్రత్తలు ఎక్కువేం లేవు. దేన్ని ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడగాలి. బొచ్చున్న గొంగళిపురుగుని ముట్టుకోకూడదు, ఆ నూగు గుచ్చుకుంటే దద్దుర్లు, దురద. కుక్కో పిల్లో కరిచినా, గీరినా ఇంట్లో చెప్పేంత చనువు పిల్లలకి మీ దగ్గర ఉండాలి. తిడతారని దాచేస్తే ప్రమాదం. కారం, సున్నం ఏవీ పెట్టకుండా గాయాన్ని కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

పండగ సెలవులకి సీసా ఎవరింటికి వెళ్ళాలని క్లాసులో పోటీ పడుతుంది. మీ ఇంటికొస్తే కాదనకండి. నీళ్ళు పెట్టక్కర్లేదు, ఆకులోని తడి చాలు. ఎండ తగలనివ్వకండి, ఆ గదిలో దోమలమందు వెలిగించకండి. బజార్లో కొన్న కరివేపాకు వేయకండి, మందు కొట్టి ఉంటే పురుగు చచ్చిపోతుంది. మీకు మొక్క లేకపోతే పక్కింటివాళ్ళని రెండు రెబ్బలు అడగాలి. అడగడానికి పిల్లనే పంపండి, ఎందుకో వాళ్ళకి వివరంగా చెప్పి మరీ తెచ్చుకుంటుంది.