భాషకు నామకరణము

బాలబాలికలారా! ఇంట బిడ్డ పుట్టినచో పెద్దలు బారసాల చేసి, పళ్ళెములోని బియ్యముపై పేరు వ్రాసి, బిడ్డ చెవిలో దానిని పలుకుదురు. భాషలకు అట్టి బారసాల కలదా? మన భాషనే చూడుడు. ఆంధ్రము, తెనుగు, తెలుగు అను మూడు పేర్లు దీనికి కలవు. వీనిని ఏ సభయు నిర్ణయింపలేదు. ఇవి యెట్లు పుట్టినవో పండితులు నేటికిని చర్చించుచునే యున్నారు.

అయితే, ఒక్క మనిషి కూర్చుండి కల్పించిన భాషకు పేరెట్లు వచ్చును? ఫ్రాన్సు దేశమున ఫ్రాన్సువా సూద్రె అను సంగీతోపాధ్యాయుడు సప్తస్వరములతో ఒక భాషను కూర్చెను. మనకు స, రి, గ, మ యెట్లో పాశ్చాత్యులకు డో, రె, మి, ఫా అట్లు. ఆ భాష పేరు ‘సోల్‌రెసోల్’. అందులో ఆ మాటకు ‘భాష’ యనియే అర్థము. కల్పించిన భాషనుండియే పేరు తీయుట సహజముగ తోచును. కాని వేఱొక భాషకు పేరు వచ్చిన తీరు చిత్రమైనది.

నేడు పోలండులో నున్న బియాలిస్టాక్ పట్టణము 19వ శతాబ్దమున రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. 1859లో లుడ్విక్ జామెన్‌హాఫ్ అచట ఒక యూదుల కుటుంబమున జన్మించెను. ఆ యూర యూదులు, పోలండువారు, రష్యనులు, జర్మనులు ఇరుగుపొరుగున నివసించిరి. కాని యెవరి భాష వారిది. మాట తెలియనిచోట అనుమానము, అనుమానమున్నచోట ద్వేషము పెరిగెను. వీథులలో కలహములు చూచి బాలుని మనస్సు కలత చెందెను. అందఱికిని సమానముగ చెందు సులభమైన భాష యొకటి యుండవలెనని అతడు తలపోసెను. 1878లో, పాఠశాలలో చదువుచుండగనే, అట్టి భాష నొకదానిని కూర్చి ‘విశ్వభాష’ యని పేరిడెను.

తరువాత అతడు వైద్యుడయ్యెను. భాషను మఱల మఱల దిద్ది, 1887లో వార్సాలో నలువది పుటల చిన్న పుస్తకముగ ప్రకటించెను. అచ్చుకూలికి మామగారి ధనమే ఆధారమయ్యెను. ఈసారి భాషకు ‘అంతర్జాతీయ భాష’ యని మాత్రమే పేరిడెను. తన పేరును దాచుకొనెను. పగటికలలు కను వైద్యునియొద్దకు రోగులు రారని అతని భయము! అందువలన రచయిత పేరున్నచోట ‘డాక్టర్ ఎస్పెరాంటో’ అని వ్రాసెను.

ఆ మాట ఆ భాషలోనిదే. ‘ఎస్పెర్’ అనగా ఆశ. ‘ఆంట్’ మన ‘చున్న’ వంటిది. ‘ఓ’ నామవాచకపు గుర్తు. కూర్చి చదివినచో ‘ఆశించుచున్నవాడు’ అని యర్థము.

పుస్తకము చదివినవారికి ‘అంతర్జాతీయ భాష’ యను పేరు నోట నిలువలేదు. వారు ‘డాక్టర్ ఎస్పెరాంటో భాష’ యనిరి. పిదప ‘ఎస్పెరాంటో’ యనిరి. 1889 నాటికే ఆ పేరుతో ఒక పత్రిక వెలువడెను. కర్త తాను దాగుటకు కప్పుకొన్న పేరు భాషకు దక్కెను. జామెన్‌హాఫ్ అడ్డు చెప్పలేదు. భాష సర్వజనుల సొత్తనియు, దానిపై తనకు హక్కు లేదనియు తొలి పుస్తకముననే వ్రాసియుండెను. సొత్తు జనులదైనప్పుడు పేరు మాత్రము జనులది కాదా?

1905లో ఫ్రాన్సులోని బులోన్ పట్టణమున తొలి ప్రపంచ మహాసభ జరిగెను. పలు దేశములవారు దుబాసీలు లేకయే అచట మాటలాడుకొనిరి.

ఆశ యంతయు ఫలించెనని చెప్పుట సత్యము కాదు. 1917లో, మొదటి ప్రపంచయుద్ధము ముగియకముందే, జామెన్‌హాఫ్ మరణించెను. రెండవ యుద్ధకాలమున అతని బిడ్డలు మువ్వురును నాజీల చేతిలో హతులైరి. ఒక్క భాష ద్వేషమును మాన్పజాలదయ్యెను. అయినను ఆ భాష చావలేదు. నేటికిని పలు దేశములలో దానిని నేర్చువారున్నారు. వారు ‘ఎస్పెరాంటో’ యని పలికినప్పుడెల్ల ఆ బాలుని ఆశనే పలుకుచున్నారు.

బాలబాలికలారా! మీ తరగతిలో వేఱొక భాష పలుకు ఇంటినుండి వచ్చిన తోటి విద్యార్థి యుండవచ్చును. వాని భాష పేరేమో అడుగుడు. అందులో రెండు మాటలు నేర్చుకొనుడు. బియాలిస్టాక్ వీథులలో లోపించినది అదియే.