విండోస్ తిరిగి వేయించేటప్పుడు వచ్చే లైసెన్సు 'కీ' చిక్కులు

పాల సంఘాలకు కంప్యూటరు వచ్చిన తరువాత కార్యదర్శికి చేతిరాత పని చాలావరకు తగ్గింది. ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత, ఆ పూటకు రావలసిన సొమ్ము ఎంత అన్నది సభ్యుని చేతికి చీటీ రూపంలో అప్పటికప్పుడే వస్తున్నది. అయితే ఆ కంప్యూటరు ఒకనాడు మొరాయిస్తుంది. మరమ్మతు చేసే కుర్రవాడు వచ్చి చూసి, "ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ వేయాలండీ" అంటాడు. వేసిన తరువాత తెర కుడివైపు కింది మూలన 'యాక్టివేట్ విండోస్' అన్న మాటలు కనిపిస్తాయి. అది మొదలు సంఘంలో గుసగుసలు బయలుదేరుతాయి. మిషను సరిగా లేదనీ, వెన్న తక్కువ చూపిస్తున్నదనీ, కొత్త కంప్యూటరు కొనాలనీ తలా ఒక మాట అంటారు.

ముందుగా ఈ భయం తీర్చుకుందాం. వెన్న శాతాన్ని కొలిచేది పాల పరీక్ష యంత్రం. తూకం చెప్పేది కాటా. కంప్యూటరు ఆ రెండూ పంపిన అంకెలను రాసుకుని, రేటు చార్టు ప్రకారం లెక్క కడుతుంది, అంతే. విండోస్‌కు లైసెన్సు నమోదు కాకపోయినంత మాత్రాన సభ్యుని వెన్న శాతం ఒక పాయింటు కూడా మారదు. విండోస్ 10, 11 రకాలలో నమోదు కాని కంప్యూటరు కూడా పని చేస్తూనే ఉంటుంది. తెర మీద రాత కనిపిస్తుంది, తెర బొమ్మ, రంగులు మార్చుకునే వీలు పోతుంది. కాబట్టి ఆ రాత కనబడిన రోజునే తొందరపడి ఎవరికో సొమ్ము ముట్టజెప్పవలసిన పని లేదు. నిదానంగా కారణం వెతికే వ్యవధి ఉన్నది. అలాగని నమోదు లేకుండా ఏళ్ళ తరబడి నడపడం తగదు. లైసెన్సు షరతులు అందుకు ఒప్పుకోవు.

కీ అంటే ఏమిటి, ఎక్కడ ఉంటుంది

విండోస్ అనేది మైక్రోసాఫ్ట్ కంపెనీ వారి సొత్తు. మనం కొనేది దానిని వాడుకునే హక్కు మాత్రమే. ఆ హక్కుకు గుర్తుగా ఇచ్చే 25 అక్షరాల సంఖ్యను ప్రోడక్ట్ కీ అంటారు. అయిదేసి అక్షరాల చొప్పున అయిదు గుంపులుగా ఉంటుంది. విండోస్ 7 నాటి కంపెనీ కంప్యూటర్లకు ఈ కీ డబ్బా పక్కన అంటించిన చీటీ మీద ఉండేది. పాలు చింది, తడిగుడ్డతో తుడిచి తుడిచి ఆ చీటీ అక్షరాలు అరిగిపోయిన సంఘాలను మేము చాలా చూశాము. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుండి కంపెనీ కంప్యూటర్లలో కీని మదర్ బోర్డు లోపలనే రాసి పంపుతున్నారు. 2015లో విండోస్ 10 వచ్చాక 'డిజిటల్ లైసెన్సు' అన్న పద్ధతి పెట్టారు. ఈ పద్ధతిలో కంప్యూటరు భాగాల గుర్తును, ముఖ్యంగా మదర్ బోర్డు గుర్తును, మైక్రోసాఫ్ట్ వారి దగ్గర నమోదు చేసుకుంటారు. అదే కంప్యూటరులో అదే రకం విండోస్‌ను మళ్ళీ వేసి ఇంటర్నెట్ కలిపితే, కీ కొట్టకుండానే నమోదు అవుతుంది.

ఇది తెలియక సంఘాల సొమ్ము ఎంతో వృథా అవుతున్నది. విండోస్ వేసేటప్పుడు కీ అడిగే చోట, 'నా దగ్గర కీ లేదు' అన్న మాట కింద చిన్న అక్షరాలతో ఉంటుంది. ఇంతకు ముందు సక్రమంగా నమోదయిన కంప్యూటరయితే దానిని నొక్కి ముందుకు పోవచ్చు. ఆ ఒక్క నొక్కుడుతో పోయే పనికి కొత్త కీ కొన్నట్లు బిల్లు పెట్టిన సందర్భాలు మా తనిఖీలలో కనబడ్డాయి.

అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. 'అదే రకం' అన్నాము గదా. విండోస్‌లో హోమ్, హోమ్ సింగిల్ లాంగ్వేజ్, ప్రో అని రకాలున్నాయి. మన దేశంలో అమ్మే కంపెనీ కంప్యూటర్లలో చాలావాటికి హోమ్ సింగిల్ లాంగ్వేజ్ వస్తుంది. మరమ్మతు కుర్రవాడి జేబులోని పెన్ డ్రైవ్‌లో మాత్రం సాధారణంగా ప్రో ఉంటుంది. అతడు అలవాటు కొద్దీ ప్రో వేస్తాడు. సంఘానికి ఉన్న హక్కు హోమ్ మీద, వేసినది ప్రో. ఇక నమోదు ఎలా అవుతుంది? ఒక సంఘంలో ఇదే జరిగింది. కుర్రవాడు కీ కుదరలేదని చెప్పి, ఏదో దొంగ ప్రోగ్రాముతో పని కానిచ్చి వెళ్ళాడు. కొన్ని నెలలకు 'మీ లైసెన్సు గడువు ముగియనున్నది' అని తెర మీద పడింది. మళ్ళీ పిలిస్తే మళ్ళీ రుసుము. చివరకు బిల్లుతో కొన్న హోమ్ రకాన్నే తిరిగి వేస్తే ఒక్క పైసా ఖర్చు లేకుండా నమోదయింది. ఆ మధ్య కాలమంతా సంఘం తన సొంత హక్కును పక్కన పెట్టి దొంగ సరుకు వాడినట్లయింది.

కావున ఫార్మాట్‌కు ఒప్పుకునే ముందు, కంప్యూటరు కొద్దిగానైనా నడుస్తుంటే, సెట్టింగ్స్‌లోకి పోయి యాక్టివేషన్ అన్న పేజీ చూడండి. విండోస్ 10లో అది 'అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ' కింద, విండోస్ 11లో 'సిస్టమ్' కింద ఉంటుంది. అక్కడ విండోస్ ఏ రకమో, ఏ విధంగా నమోదయిందో రెండు పంక్తులలో రాసి ఉంటుంది. ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసి ఉంచితే సగం చిక్కు అక్కడే తీరినట్లు.

కీ కొట్టినా తీసుకోకపోతే

మొదట చూడవలసినది తారీకు. నవ్వకండి. కంప్యూటరు లోపల సి.ఆర్. 2032 అనే బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తారీకు ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. తారీకు తప్పయితే మైక్రోసాఫ్ట్ వారి సర్వరుతో భద్రమైన సంబంధం కుదరదు, నమోదు జరగదు. మన లెక్కలకు కూడా ఇది ముప్పే. సాయంత్రం పోసిన పాలు ఏ సంవత్సరం ఖాతాలోనో పడతాయి. ఆ బ్యాటరీ పెద్ద ఖరీదు కాదు. ముందు అది మార్పించి, తారీకు, సమయం సరిచేసి, అప్పుడు మళ్ళీ ప్రయత్నించాలి.

తరువాత అక్షరాలు. ఈ 25 అక్షరాలలో ఏ, ఈ, ఐ, ఓ, యు అన్న అచ్చులు ఉండవు. ఎల్, ఎస్, జెడ్ కూడా ఉండవు. అంకెలలో 0, 1, 5 ఉండవు. అంటే చీటీ మీద మీకు సున్నాలాగా కనిపించేది డి గాని, క్యూ గాని అయి ఉంటుంది. జెడ్ అనుకున్నది 2. బి అక్షరానికీ 8కీ, జి అక్షరానికీ 6కీ తేడా భూతద్దం పెట్టి చూడవలసినదే.

అప్పటికీ కాకపోతే తెర మీద వచ్చే తప్పు సంఖ్యను కాగితం మీద రాసుకోండి. మొదట సున్నా, ఎక్స్ ఉంటాయి, అసలు సంగతి తరువాతి అక్షరాలలో ఉంటుంది. సి004ఎఫ్050 అని వస్తే కీ తప్పుగా కొట్టారని గాని, ఆ కీ ఈ రకం విండోస్‌కు చెందినది కాదని గాని అర్థం. సి004సి008 అంటే ఆ కీ ఇప్పటికే మరొక కంప్యూటరులో వాడకంలో ఉన్నదని, లేదా వాడవలసినన్ని సార్లు మించిపోయిందని. సి004సి003 వస్తే ఆ కీని సర్వరు చెల్లనిదిగా పక్కన పెట్టింది. ఈ చివరి రెండూ కొత్తగా కొన్న కీకి వచ్చాయంటే అమ్మినవాడినే నిలదీయాలి. సి004ఎఫ్074 చూశారంటే మాత్రం జాగ్రత్త పడండి. పెద్ద సంస్థలు తమ సొంత సర్వరు ద్వారా నమోదు చేసుకునే పద్ధతి ఒకటి ఉన్నది. ఆ సర్వరు దొరకడం లేదని దీని అర్థం. పల్లెలోని పాల సంఘానికి అట్టి సర్వరు ఎక్కడిది? ఎవరో మనది కాని రకం వేసిపోయారన్న మాట. ఆ పద్ధతి నమోదు 180 రోజుల వరకే చెల్లుతుంది, ఆ లోపల తిరిగి సర్వరును కలవాలి. ఆరు నెలలకోసారి మన కంప్యూటరుకు జబ్బు చేస్తున్నదంటే రహస్యం తరచుగా ఇదే.

సి004ఎఫ్211 అన్నది మదర్ బోర్డు వంటి ముఖ్య భాగం మార్చినప్పుడు వస్తుంది. ఇక్కడ మనం కొన్న లైసెన్సు ఏ తరగతిదో తెలియాలి. కంప్యూటరుతోపాటు వచ్చినది ఆ కంప్యూటరుకే అంటుకుని ఉంటుంది, మదర్ బోర్డు పోతే సాధారణంగా అదీ పోతుంది. విడిగా పెట్టెలో గాని, కంపెనీ నుండి నేరుగా గాని కొన్నదయితే ఒక కంప్యూటరు నుండి తీసి మరొకదానిలో వేసుకోవచ్చు. కాని ఒకసారికి ఒకదానిలోనే. ఆ లైసెన్సును ముందుగానే మైక్రోసాఫ్ట్ ఖాతాకు కలిపి ఉంచితే, భాగం మార్చిన తరువాత యాక్టివేషన్ పేజీలోని 'ట్రబుల్‌షూట్' నొక్కి, ఈమధ్య భాగాలు మార్చామని చెప్పి తిరిగి నమోదు చేసుకునే వీలుంది. ఆ ఖాతా సంఘం పేరున తెరిచిన ఈమెయిలుతో ఉండాలి. చురుకైన కుర్రవాడని అతని సొంత ఈమెయిలుతో కలిపి, అతడు ఉద్యోగం దొరికి హైదరాబాదు వెళ్ళిపోతే, పాస్‌వర్డు కోసం ఫోన్లు చేసుకుంటూ కూర్చోవలసి వస్తుంది.

ఇంటర్నెట్‌లో కొన్ని వందల రూపాయలకే 'జీవితకాలపు కీ' అని అమ్ముతున్నారు. వీటిలో చాలావరకు ఏదో సంస్థకు గుంపుగా ఇచ్చిన కీలను విడదీసి అమ్మేవి. ఈ రోజు పని చేస్తాయి, రేపు నిలిపివేస్తారు. దొంగ ప్రోగ్రాములతో నమోదు చేయడం ఇంకా ప్రమాదం. అవి వేయడానికి ముందు వైరస్ రక్షణను ఆపమంటాయి. ఇంటి తలుపు తీసి పెట్టి పడుకొమ్మన్నట్లే. అదే కంప్యూటరులో సభ్యులందరి బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్నాయని మరువరాదు. చట్టం మాట కూడా చెప్పుకోవాలి. 1957 కాపీరైటు చట్టం 63బి సెక్షను ప్రకారం దొంగ ప్రతి అని తెలిసి వ్యాపారంలో వాడినవారికి 7 రోజులకు తక్కువ కాకుండా 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నవి.

అసలు పోగొట్టుకోకూడనిది

విండోస్ కీ పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. సభ్యులు పూటపూటకు పోసిన పాల లెక్క పోతే ఎక్కడ కొంటాము? ఫార్మాట్ అంటే ఆ లెక్కను తుడిచివేయడమే. బిల్లు ఇవ్వడానికి రెండు రోజుల ముందు ఇది జరిగితే చీటీలు దాచుకున్న సభ్యులకు న్యాయం జరుగుతుంది, పారేసుకున్నవారు కార్యదర్శి జ్ఞాపకశక్తి మీద ఆధారపడాలి. సంఘంలో తగవులు ఇక్కడే పుడతాయి.

అందుచేత మరమ్మతుకు ముందు పాల సేకరణ ప్రోగ్రాము నుండి లెక్కల నకలును రెండు పెన్ డ్రైవ్‌లలోకి తీయించాలి. తీసిన నకలు తెరుచుకుంటున్నదో లేదో మరొక కంప్యూటరులో చూడాలి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్లే. గత బిల్లు తేదీ నుండి ఈ రోజు వరకు సభ్యులవారీ పట్టికను కాగితం మీద అచ్చు తీసి, అధ్యక్షుల సంతకంతో ఉంచుకుంటే మంచిది. కంప్యూటరు అసలే తెరుచుకోకపోతే, హార్డ్ డిస్కును విప్పి మరొక కంప్యూటరుకు తగిలించి లెక్కలు బయటికి తీయమనండి. డిస్కు చెడిపోనంత వరకు ఇది సాధ్యమే. ఈ ప్రయత్నం చేయకుండా ఫార్మాట్ కొట్టడానికి ఎవరికీ అనుమతి ఇవ్వకండి. 'రీసెట్' అని మరొక మార్గం చెబుతారు. అందులో 'ఫైళ్ళు ఉంచు' అన్నా, మనం వేయించుకున్న ప్రోగ్రాములు పోతాయి. పాల ప్రోగ్రాము కూడా వాటితోపాటే పోతుంది.

ఆ పాల ప్రోగ్రాముకు విడిగా మరొక కీ ఉంటుంది. కొన్ని ప్రోగ్రాములకు వెనుక గుచ్చే చిన్న బిళ్ళ వంటి తాళం ఉంటుంది. మరికొన్ని కంప్యూటరు గుర్తును చూసి ఆ ఒక్కదానికే పనిచేసే కీ ఇస్తాయి. రెండో రకంలో విండోస్ మళ్ళీ వేస్తే, లేదా డిస్కు మారిస్తే, గుర్తు మారిపోయి పాత కీ చెల్లక పోవచ్చు. కాబట్టి ప్రోగ్రాము సరఫరాదారుకు ముందే ఫోను చేసి, కొత్త కీ ఎప్పుడు ఇస్తారో, రుసుము ఉన్నదో లేదో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఆదివారం ఫార్మాట్ చేసి సోమవారం పొద్దున పాలు పోయించుకునే వేళకు కీ కోసం ఎదురు చూడడం మంచిది కాదు. పాల పరీక్ష యంత్రం, కాటా ఏ పోర్టు నంబరు మీద పనిచేస్తున్నాయో కూడా రాసి పెట్టుకోండి. విండోస్ కొత్తగా వేసిన తరువాత ఆ నంబర్లు మారితే అంకెలు రావు, తప్పంతా కీ మీదికి నెడతారు.

విండోస్ 7కు 2020 జనవరి 14తోనూ, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోనూ కంపెనీ మామూలు మద్దతు ఆగిపోయింది. అందుకే ఈ మధ్య విండోస్ 11 వేయిస్తామని సంఘాలు తీర్మానాలు చేస్తున్నాయి. సక్రమంగా నమోదయిన విండోస్ 10 ఉండి, కంప్యూటరు అర్హమైనదయితే ఈ మార్పుకు కొత్త లైసెన్సు కొననక్కరలేదు. 4 జీబీ మెమరీ, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, కంపెనీ ఒప్పుకున్న ప్రాసెసరు ఉండాలి. పాత విండోస్ 7 కీతో పైరకానికి పోవచ్చని ఇంకా కొందరు చెబుతున్నారు. ఆ దారిని 2023 సెప్టెంబరులో మూసివేశారు. పాల ప్రోగ్రాము కొత్త విండోస్ మీద నడుస్తుందా అన్నది సరఫరాదారును అడిగిన తరువాతే తీర్మానం రాయండి.

కొన్న ప్రతి లైసెన్సుకు బిల్లు సంఘం పేరున ఉండాలి. డెడ్ స్టాక్ రిజిస్టరులో కంప్యూటరు కింద మరొక పంక్తి గీసి, విండోస్ ఏ రకం, కంప్యూటరుతో వచ్చిందా విడిగా కొన్నదా, కొన్న తేదీ, ఏ ఈమెయిలుకు కలిపారు అన్నవి రాయాలి. కీని మాత్రం రిజిస్టరులో రాయకుండా, మూసిన కవరులో బీరువాలో పెట్టాలి. మహాసభలో సభ్యులు ఎవరైనా లేచి ఈ పంక్తి చూపమని అడగవచ్చు, అడగాలి కూడా. పాత కంప్యూటరును అమ్మివేసేటప్పుడు దానితో వచ్చిన లైసెన్సు దానితోనే పోతుంది, విడిగా కొన్న లైసెన్సు సంఘానికి మిగులుతుంది. అమ్మే ముందు హార్డ్ డిస్కు తీసి సంఘం దగ్గరే ఉంచుకోవడం మేలు.