రూపనిర్మాణ శస్త్రవైద్యము - కొన్ని అరుదైన సందర్భములు

'ప్లాస్టిక్ సర్జరీ' అను మాట వినగానే మన విద్యార్థులలో పలువురకు బిందెలు, బకెట్లు చేయు ప్లాస్టిక్ గుర్తుకు వచ్చును. మరికొందరకు సినీతారల ముఖసౌందర్యము గుర్తుకు వచ్చును. రెండును సరికావు. గ్రీకు భాషలో 'ప్లాస్టికోస్' అనగా మలచుటకు వీలైనది అని అర్థము. 1818లో జర్మను వైద్యుడు కార్ల్ ఫాన్ గ్రేఫె ముక్కు పునర్నిర్మాణముపై వ్రాసిన గ్రంథమునకు 'రైనోప్లాస్టిక్' అని పేరు పెట్టెను. నేడు మనమెరిగిన ప్లాస్టిక్ వస్తువులు నాటికి పుట్టనేలేదు. కుమ్మరి మట్టిని మలచినట్లు వైద్యుడు మనిషి చర్మమును, కండను మలచుటయే ఈ విద్య.

మేము వైద్యులము కాము, భాషను బోధించువారము. అయినను తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల విద్యార్థులకు ఈ విషయముతో నిత్యజీవితమున పని యున్నదని తలంచి నాలుగు సందర్భములను ఇచట వివరించుచున్నాము.

1. ఇటుకల పనివాడు అతికిన ముక్కు

ఉర్దూలో 'నాక్ కట్ గయీ' అన్నను, తెలుగులో 'ముక్కు చెవులు కోయుట' అన్నను పరాభవమే స్ఫురించును. ముక్కు కోయుట శిక్షగా నుండిన దేశమున దానిని తిరిగి నిలుపు విద్యయు పెరిగినది. సుశ్రుతుడు ముక్కు కొలతకు తగిన ఆకును తీసికొని, దాని ప్రమాణములో చెక్కిలి చర్మమును ఒకవైపు అంటియుండునట్లు కోసి అతుకవలెనని చెప్పెను.

1792 నాటి మైసూరు యుద్ధములో ఇంగ్లీషు సేనకు ఎడ్లు తోలు కవాస్‌జీ అనువాడు టిప్పు సుల్తాను సైనికులకు చిక్కి, ముక్కును, ఒక చేతిని పోగొట్టుకొనెను. ఏడాది తరువాత పూనా సమీపమున ఇటుకలు చేయు కులమునకు చెందిన ఒకడు అతనికి కొత్త ముక్కు చేసెను. మైనముతో ముక్కు నమూనా చేసి, దానిని నుదుటిపై పరచి, గీత గీసి, ఆ మేరకు చర్మమును కనుబొమల నడుమ కొంచెము అంటియుండునట్లు విడదీసి క్రిందికి త్రిప్పెను. అంటించుటకు వాడినది తాంబూలములో వేసికొను కాచు! ఇంచుమించు ఇరువదియైదవ దినమున ఆ అంటును తెంచుట వారి పద్ధతి. ఈ వృత్తాంతము 1794లో లండనులోని జెంటిల్మన్స్ మేగజైన్‌లో అచ్చయినది. దానిని చదివిన జోసెఫ్ కార్ప్యూ అను వైద్యుడు 1814లో లండనులో అట్టి శస్త్రచికిత్స చేసెను. చర్మమునకు రక్తము అందుచున్నంత వరకే అది బ్రదుకునను సూత్రమును ఆ ఇటుకల పనివాడు ఎరిగియుండెను.

2. నొప్పి లేని కాలుడు

కాలినచో మంట పుట్టుట సహజము. మంటయే లేని కాలిన గాయములు కూడ గలవు. కుష్ఠువ్యాధిలో నరములు దెబ్బతిని, చేతులకు స్పర్శజ్ఞానము పోవును. వేడి గిన్నెను దింపినను తెలియదు. బొబ్బ లేచిన పిమ్మట కంటికి కనబడును. వ్రేళ్ళు వ్యాధివలననే రాలిపోవునని లోకము చిరకాలము నమ్మినది. తెలియక తగిలిన దెబ్బలు, కాలిన గాయములు, అవి చీము పట్టుటయే ముఖ్యకారణములని వెల్లూరులో డాక్టరు పాల్ బ్రాండ్ నిరూపించెను. ముడుచుకొనిపోయిన వ్రేళ్ళను స్నాయువులు మార్చి చాచు శస్త్రచికిత్సలను ఆయన 1940వ దశకము చివర ఆరంభించెను. సాల్వేషన్ ఆర్మీవారు కుష్ఠరోగులకై ఆసుపత్రి నడిపిన బాపట్ల ప్రజలకు ఈ మాట దూరపు కథ కాదు. చేయి తిరిగి వంగినచో రోగికి పని దొరకును; పని దొరికినచో ఊరిలో చోటు దొరకును.

3. యంత్రము లాగికొనిన ముఖము

1994లో పంజాబులో తొమ్మిదేండ్ల బాలిక జడ నూర్పిడి యంత్రములో చిక్కి, నెత్తిచర్మముతో సహా ముఖమంతయు ఊడివచ్చినది. తల్లిదండ్రులు దానిని ప్లాస్టిక్ సంచిలో వేసికొని లూధియానా ఆసుపత్రికి చేర్చిరి. డాక్టరు అబ్రహాం థామస్ సూక్ష్మదర్శిని క్రింద రక్తనాళములను కలిపి ముఖమును తిరిగి అతికెను. లోకములో ఇట్టిది ఇదియే మొదటిది. బాలిక బ్రదికి, పెరిగి, నర్సు శిక్షణ పొందినది. ఆ సంచిని ఎవరైన పారవేసియున్నచో ఏమగును? తెనాలి చుట్టుపట్ల ధాన్యపు మిల్లులలోను, కళ్ళములలోను పైట, జడ, చేతివ్రేళ్ళు యంత్రమున పడు భయము ఎల్లప్పుడు ఉన్నదే.

4. అరటి ఆకు

రేపల్లె, కొల్లూరు లంకలు అరటితోటలకు ప్రసిద్ధములు. కాలిన గాయమునకు గుడ్డ కట్టినచో అంటుకొని, విప్పునపుడు ప్రాణము పోయినంత బాధ కలుగును. శుద్ధిచేసిన అరటి ఆకుతో కట్టు కట్టినచో అంటుకొనదని, నొప్పి తగ్గునని మన దేశపు వైద్యుల పరిశోధనలు 2003లో 'బర్న్స్' అను అంతర్జాతీయ పత్రికలో వెలువడినవి. అంతకు పూర్వమే బొంబాయిలో డాక్టరు కేస్వానీ ఉడికించిన బంగాళాదుంప తొక్కలతో పిల్లలకు కట్లు కట్టెను. తోటలో కోసిన ఆకును నేరుగా పుండుపై వేయుమని దీని భావము కాదు. ఆసుపత్రిలో క్రిములు లేకుండ ఆవిరిలో శుద్ధిచేసిన ఆకు వేరు, పెరటి ఆకు వేరు.

మనము చేయవలసినది

కాలిన వెంటనే ఇరువది నిమిషములు చల్లని శుభ్రమైన నీటిని ధారగా పోయవలెను. మంచుగడ్డ వలదు. పసుపు, పేడ, సిరా, టూత్‌పేస్టు పూయరాదు. వాని క్రింద గాయపు లోతు వైద్యునకు కనబడదు. రోగి అరచేయి వ్రేళ్ళతో కలిపి దేహచర్మములో ఇంచుమించు నూటికి ఒక వంతు. ఈ లెక్కతో గాయపు విస్తీర్ణము చెప్పవచ్చును. ఏబది కిలోల మనిషికి నూటికి ముప్పదివంతులు కాలినచో తొలి ఇరువదినాలుగు గంటలలో నరము ద్వారా సుమారు ఆరు లీటర్ల ద్రవము ఎక్కించవలసియుండును. అందు సగము తొలి ఎనిమిది గంటలలోనే. ఆ గంటల లెక్క ఆసుపత్రి చేరిన క్షణము నుండి కాదు, కాలిన క్షణము నుండి. రేపల్లె నుండి గుంటూరుకు సాగు ప్రయాణమంతయు ఆ లెక్కలోనిదే. కావున వెంటనే 108కి ఫోను చేయవలెను. తెగిన అవయవమును తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, సంచిలో మూతికట్టి, ఆ సంచిని మంచుపై ఉంచవలెను. మంచు అవయవమునకు తగులరాదు.

గాయము మానుటతో చికిత్స ముగియదు. మెడ ఛాతికి అంటుకొనును, వ్రేళ్ళు ముడుచుకొనును. నెలల తరబడి వ్యాయామము, కట్లు, ఒక్కొక్కప్పుడు మరల శస్త్రచికిత్స కావలెను. ఆ నడుమ ముఖముపై మచ్చ పడిన బాలికను ఇంటిలో దాచి చదువు మాన్పించు కుటుంబములు గలవు. ఆమె కాలినది చర్మము మాత్రమే. ఆమె తెలివి కాలలేదు. ఆమె తిరిగి తరగతికి వచ్చిననాడు ప్రక్కబల్లపై కూర్చొను సహాధ్యాయినియు చికిత్సలో పాలుపంచుకొన్నట్లే. కళాశాల పాలకవర్గమువారు జాతీయ సేవా పథకము ద్వారా ప్రతి సంవత్సరము ఒక దినము ప్రథమచికిత్స శిక్షణకు కేటాయింపవలెనని కోరుచున్నాము. ఒక బిందె నీరు, ఒక శుభ్రమైన గుడ్డ, వానిని వాడుట తెలిసిన ఒక విద్యార్థి ప్రతి వీధిలో ఉన్నచో వైద్యుని పని సగము తేలికయగును.