బిడ్డ మనసు జబ్బుపడినప్పుడు

మర్యమ్ (అ) ప్రసవ వేదనతో, జనానికి దూరంగా ఒక ఖర్జూరపు చెట్టు మొదలును ఆనుకున్నారు. ఒకవైపు ఒంటరితనం, మరోవైపు లోకం వేయబోయే నిందల భయం. ఇంతకు ముందే తాను చనిపోయి ఉంటే బాగుండేదని ఆ పుణ్యవతి వాపోయారు. అయినా అల్లాహ్ ఆమెను మందలించలేదు. దుఃఖించవద్దని ఓదార్పు అందించాడు. నీరు, తాజా ఖర్జూరాలు ఏర్పాటు చేశాడు. ఎవరైనా ఎదురైతే బదులు చెప్పే అవసరం లేకుండా మౌనం పాటించమన్నాడు (మర్యమ్ సూరా: 23-26).

ఎదిగిన కొడుకో కూతురో మనోవ్యాధికి గురైనప్పుడు తల్లిదండ్రులు చేయవలసినదంతా ఈ ఆయతులలో ఉంది: నిందించకపోవడం, ఆదుకోవడం, జనం ప్రశ్నల నుండి కాపాడడం.

నింద మందు కాదు

పాతికేళ్ళ కుర్రవాడు నిద్రపోడు, అన్నం ముట్టడు, పనికి వెళ్ళడు, గది తలుపు తీయడు. "నమాజు మానేశావు, అందుకే ఇలా అయ్యావు" అంటారు ఇంట్లోవాళ్ళు. నమాజు మనసుకు బలమే, సందేహం లేదు. కాని పడక మీది నుండి లేవలేని రోగికి ఈ మాట మరో గాయం. యాఖూబ్ (అ) దైవప్రవక్త. కుమారుని ఎడబాటుతో కుమిలి కుమిలి ఆయన కళ్ళు తెల్లబడిపోయాయి (యూసుఫ్ సూరా: 84). ఆయన ఈమాన్‌ను ఎవరైనా శంకించగలరా? మతి తప్పిన వ్యక్తి కోలుకునే వరకు అతని కర్మలు వ్రాయబడవని దైవప్రవక్త (స) తెలిపారు (అబూదావూద్). అల్లాహ్ లెక్క అడగని స్థితిలో మనం లెక్క అడగడం న్యాయమా?

వైద్యం చేయించడం సున్నత్

అల్లాహ్ మందు లేని వ్యాధిని దించలేదని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ). ఇది శరీరానికీ మనసుకూ వర్తిస్తుంది. క్రీ.శ. 934లో మరణించిన ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ దేహారోగ్యం, మానసికారోగ్యం రెండింటి గురించీ ఒకే గ్రంథంలో వ్రాశారు.

ఇంతటి వారసత్వం ఉండి కూడా మనం బిడ్డను ఆమిల్‌ల చుట్టూ తిప్పుతున్నాం. ఖుర్ఆన్ పఠించి ఊదడం, దుఆ చేయడం ధర్మసమ్మతమే. అవి చికిత్సకు తోడుగా ఉండాలి. కొట్టడం, పొగబెట్టడం, గొలుసులతో కట్టడం దీన్‌లో లేవు. తమిళనాడులోని ఏర్వాడిలో దర్గాను నమ్ముకుని వచ్చిన మనోరోగులను ఉంచిన ఒక ప్రైవేటు వసతిలో 2001 ఆగస్టు 6న మంటలు లేచాయి. గొలుసులతో కట్టి ఉన్నందున తప్పించుకోలేక 25 మందికి పైగా కాలిపోయారు.

ఇంట్లో పాటించవలసినవి

1. బిడ్డ చావు మాట ఎత్తితే తేలిగ్గా తీసుకోకండి. నరకం పేరు చెప్పి బెదిరించకండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నెమ్మదిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అనిపిస్తోందంటే ఒంటరిగా వదలకండి. పురుగుల మందు, మాత్రలు అందకుండా తీసివేసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

2. రమజాన్ వచ్చిందని మాత్రలు ఆపకండి. వేళలు మార్చవచ్చేమో డాక్టరును అడగండి. ఉపవాసం వద్దని ఆయన అంటే, రోగికి అల్లాహ్ ఇచ్చిన సడలింపును (బఖర సూరా: 184, 185) కృతజ్ఞతతో స్వీకరించండి.

3. నికాహ్ చేస్తే కుదురుకుంటాడని ఆశపడి, జబ్బు దాచి పెళ్ళి చేయకండి. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని దైవప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం). దాని వల్ల మరో ఇంటి ఆడపిల్ల జీవితం కూడా నలిగిపోతుంది.

4. వేళకు ఏదైనా తినిపించండి. యవల పిండితో కాచిన తల్బీనా అనే జావ రోగి హృదయానికి ఊరట ఇస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా ఆయిషా (ర) విన్నారు (బుఖారీ). ఇది మందులకు బదులు కాదు, తోడు.

5. అతను చిన్నపిల్లవాడు కాడు. ఏ నిర్ణయమైనా అతనితో మాట్లాడి తీసుకోండి. అతని విషయం బంధువుల మధ్య కబురు కానివ్వకండి.

6. చెట్టు మొదలును కదిలించమని మర్యమ్ (అ)కు చెప్పబడింది. అంత నీరసంలోనూ ఆమె వంతుగా ఒక చిన్న పని ఉంది. మీ బిడ్డకు కూడా చేయగలిగినంతే చెప్పండి: స్నానం, పది నిమిషాల నడక, కూర్చుని అయినా రెండు రకాతులు.

7. భారమంతా తల్లి మీదే వేయకండి. రాత్రి మేల్కొనే పనిని ఇంటివాళ్ళు వంతులు వేసుకోవాలి.

కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. కొన్ని రోజులు మెరుగు, కొన్ని రోజులు వెనుకడుగు. యాఖూబ్ (అ) తన బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. అంతటితో ఆగక, నిరాశపడవద్దని చెప్పి, యూసుఫ్‌ను వెదకమని కొడుకులను పంపారు (యూసుఫ్ సూరా: 86, 87). దుఆ, ప్రయత్నం కలిసి సాగడమే విశ్వాసి మార్గం.

అల్లాహ్ మన బిడ్డలకు స్వస్థత చేకూర్చుగాక! వారిని ఓపికతో చూసుకునే భాగ్యం మనకు ప్రసాదించుగాక! ఆమీన్.