పాత బండికి క్రొత్త పెట్రోలు గొట్టములు

మన గ్రామములలో పాత పెట్రోలు జీపులు, పికప్పు బండ్లు ఇంకను కొన్ని తిరుగుచునే యున్నవి. ధాన్యపు బస్తాలను, పెండ్లివారిని, ఆసుపత్రికి పోవు రోగులను అవే మోయుచున్నవి. అట్టి బండిలో పెట్రోలు కారి వేడి సైలెన్సరు గొట్టముపై పడినయెడల, ఎక్కినవారందరి ప్రాణములకును అపాయమే. కాబట్టి ఈ చిన్న సంగతిని మనము శ్రద్ధగా నేర్చుకొందము.

రబ్బరు ఎందుకు? టాంకీ నుండి పెట్రోలు చాలా దూరము ఇనుప గొట్టములోనే వచ్చును. అయితే ఇంజను అదరుచుండును, ఛాసిస్ అట్లు అదరదు. ఆ రెంటి నడుమ వంగునట్టి రబ్బరు ముక్క కావలెను. టాంకీయొద్దను, ఫిల్టరుయొద్దను, ఇంజను ప్రక్కనున్న పంపుయొద్దను ఇట్టి ముక్కలుండును.

అది ఎట్లు చెడును? వేడికిని వయస్సుకును రబ్బరు చిట్లును. ఇంకొక కారణము గలదు. 2023 ఫిబ్రవరిలో మన దేశమున 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకము మొదలై, తరువాత అంతటను వ్యాపించెను. ఇథనాలు అనగా చెరకునుండియు ధాన్యమునుండియు తీయు మద్యసారము. పాత బండ్ల రబ్బరు దానికొరకు చేయబడినది కాదు. అది పైకి బాగుగా కనబడుచునే లోపల మెత్తబడి, నల్లని నలుసులై కార్బురేటరులో చేరవచ్చును.

గురుతులేవి? ఉదయమున బండియొద్ద పెట్రోలు వాసన, క్లిప్పుల చుట్టు తడి, వంచినప్పుడు కనబడు పగుళ్లు. టాంకీకిని పంపుకును నడుమ పగులు కలిగినయెడల పెట్రోలు కారకపోయినను గాలి లోనికి పోవును; బండి ఎత్తు ఎక్కునప్పుడు ఆగి ఆగి నడచును.

ఏది కొనవలెను? నీళ్ల గొట్టము గాని, తెల్లని ప్లాస్టిక్ గొట్టము గాని పనికిరావు. ఎస్.ఏ.ఇ. జె30 ఆర్7 లేక ఆర్9 అని అచ్చువేసిన పెట్రోలు గొట్టమునే అడుగుడి. కార్బురేటరు బండి ఒత్తిడికి ఆర్7 చాలును. అయినను ఆర్9 లోపలి పొర ఇథనాలును మరి బాగుగా ఓర్చును. కొలత తప్పకుండునట్లు పాత ముక్కను అంగడికి తీసికొని పోవుడి.

ఎట్లు మార్చవలెను? బండిని ఆరుబయట నిలిపి ఇంజనును పూర్తిగా చల్లారనియ్యుడి. బీడీ, దీపము దగ్గరకు రానియ్యకుడి. బ్యాటరీ నెగిటివ్ తీగను విప్పుడి. టాంకీ మూత తెరచి మరల మూసినయెడల లోపలి ఒత్తిడి పోవును. కారు పెట్రోలును మూతగల ఇనుప డబ్బాలో పట్టుడి. ఒక్కొక్క ముక్కనే విప్పి, దానిని మార్చిన పిమ్మట రెండవదానిని విప్పుడి. క్రొత్తదానిని పదునైన కత్తితో తిన్నగా కోసి, ఇనుప గొట్టముపై ఒక అంగుళమైనను ఎక్కించుడి. క్లిప్పును రబ్బరు తెగునంతగా బిగింపకుడి. గొట్టము సైలెన్సరుకు తగులకుండ చూడుడి. ఫిల్టరును కూడ మార్చుడి.

కారినదొక్కటే మార్చి తక్కినవి విడిచిపెట్టుట తగదు. అన్నియు ఒకే వయస్సుగలవి. పని ముగిసిన తరువాత ఇంజనును పది నిమిషములు నడిపి ప్రతి క్లిప్పును చూడుడి. మరునాడును, వారము దినములకును మరల చూడుడి. ఈ పని చేతకానివారు మెకానిక్కును పిలిచి, దగ్గరనుండి చేయించుకొనుడి. గొట్టముల వెల స్వల్పము. బండి వెనుక కూర్చుండు పసివారి వెల అట్టిది కాదు.