ఫిరంగిబండి నమూనా: ఒక కొలతపాఠము

కుప్పనూర్పులు ముగియు దినములలో తెనాలినుండి రేపల్లె పోవు త్రోవలో ధాన్యపు బస్తాల ట్రైలరును లాగుకొనిపోవు ట్రాక్టరు కనబడుట వింత కాదు. అట్టి జంటయే రెండవ ప్రపంచయుద్ధమున ఫిరంగులను, గుండ్లను, టాంకులను మోసినది. మన చేతిపనుల తరగతి పిల్లలు ఆ జంటను ఇరువదవ వంతు పరిమాణమున నిర్మించిరి. అందు మేము నేర్చుకొన్నదానితోపాటు చెడగొట్టుకొన్నదియు చదువరులకు ఉపయోగపడునని తలచి వ్రాయుచున్నాను.

మేము ఎంచుకొన్నది బ్రిటిషు సేనలు వాడిన మోరిస్ సి8 అను ఫిరంగి ట్రాక్టరు. దాని వెనుక గుండ్లపెట్టె గల రెండు చక్రముల ట్రైలరు, ఆ ట్రైలరు వెనుక 25 పౌండ్ల ఫిరంగి, ఇట్లు మూడును గొలుసుకట్టుగా సాగెడివి. ఆ ట్రైలరులో 32 గుండ్లు పట్టును. ఫిరంగి గొట్టపు లోపలి వ్యాసము 87.6 మిల్లీమీటర్లు. భారతసేనలును ఈ ఫిరంగినే ఉత్తర ఆఫ్రికాలోను, 1944లో ఇంఫాలు, కొహిమా యుద్ధములలోను ప్రయోగించినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కూడ చాలకాలము అది మన సేనలో నిలిచియుండెను.

ఇక కొలత. ఇరువదవ వంతు అనగా అసలు బండిలోని మీటరు మన బల్లమీద 5 సెంటీమీటర్లు. ట్రాక్టరు పొడవు 4.49 మీటర్లు గనుక నమూనా 22.4 సెంటీమీటర్లకు కొంచె మెక్కువ; వెడల్పు 11 సెంటీమీటర్లు; ఎత్తు 11.3. ఇంతవరకు మూడవ ఫారము పిల్లవాడైనను చేయగలడు.

ప్రపంచమున నమూనాలు చేయువారు వాడు వంతులు పలు విధములు. బొమ్మ రైళ్లనుండి వచ్చినది 76వ వంతు. అడుగునకు 4 మిల్లీమీటర్లు చొప్పున లెక్కించినచో అదియే తేలును. మిక్కిలి ప్రసిద్ధమైన 35వ వంతు పుట్టుక చిత్రమైనది. జపానుదేశపు తామియా సంస్థవారు 1961లో పాంథరు టాంకు నమూనా చేయునపుడు, దానిని నడుపు బ్యాటరీలు లోపల పట్టునట్లు పొట్టను నిర్ణయించి, ఆ తరువాత లెక్క చూడగా అది సుమారు 35వ వంతని తేలినదట! ముందు బొమ్మ, వెనుక గణితము. మా తరగతిలో ఈ పద్ధతిని నేను ఒప్పుకొనను గాని, చెప్పినపుడు పిల్లలు మిక్కిలి సంతోషించిరి. 1942లో అమెరికా నౌకాదళమువారు ఉన్నత పాఠశాలల విద్యార్థులను 72వ వంతున 5 లక్షల విమాన నమూనాలు చేసి యిమ్మని కోరిరి. సైనికులు ఆకాశమున విమానపు ఆకృతిని చూచి ఇది మనదో, శత్రువుదో గుర్తించుట కవి పనికివచ్చెను. కొలత తప్పిన నమూనాను చూచి నేర్చినవాడు తన విమానమునే కూల్చు ప్రమాదము కలదు గదా.

మా సామగ్రి ఊరిలో దొరకునదే. పైభాగమునకు జీలుగు బెండు, చట్రమునకు కొండపల్లి బొమ్మలవారు వాడు తెల్లపొణికి కర్ర, తలుపులకు అట్ట. ఇరుసులు పాత సైకిలు చువ్వలు. చక్రములు అరిగిన రబ్బరు చెప్పులనుండి కోసినవి. అతుకుల సందులు పూడ్చుటకు చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపి మక్కు చేసికొంటిమి. కొండపల్లిలో బొమ్మకు చేతులు కాళ్లు అతుకునదియు దానితోనే. పాత మోటారుభాగములతో నిలువెత్తు విగ్రహములు నిర్మించు తెనాలి శిల్పుల పని చూచివచ్చిన పిల్లలకు ఈ సామగ్రి హీనముగా తోచలేదు.

ట్రాక్టరును తెనాలి విద్యార్థి, గుండ్ల ట్రైలరును రేపల్లె విద్యార్థి, ఫిరంగిని బాపట్ల విద్యార్థి తమ తమ ఇండ్లకడ సెలవులలో చేసి తేవలెనని నిర్ణయించితిని. సెలవులు ముగిసిన సోమవారమునాడు మూడును బల్లమీదికి వచ్చినవి. విడివిడిగా చూడ ముచ్చటగా నున్నవి. కలుపబోగా ట్రాక్టరు కొక్కెమునకు, ట్రైలరు వలయమునకు నడుమ 7 మిల్లీమీటర్ల ఎడము! బలవంతముగా తగిలింపగా ట్రైలరు వెనుకభాగము లేచి, ముందుకు వంగి, కాడి దించిన ఎడ్లబండివలె నిలిచెను. 7 మిల్లీమీటర్లనగా అసలు బండిలో 14 సెంటీమీటర్లు.

రేపల్లె బాలుడు కంట నీరు పెట్టుకొనెను. తప్పు వానిది కాదు, నాది. చక్రపు కొలత పుస్తకములో లేకపోగా, ఛాయాచిత్రమునుండి లెక్కకట్టుమని చెప్పినవాడను నేనే. వాడు పటములో ట్రాక్టరు పొడవును, ట్రైలరు చక్రపు ఎత్తును కొలిచి త్రైరాశికము వేసెను. గణితము తప్పులేదు. కాని ఆ పటము ఏటవాలుగా తీసినది. ఏటవాలుగా చూచినపుడు బండి పొడవు కుదించుకొనిపోవును. చక్రపు ఎత్తు మాత్రము తగ్గదు. అందుచే చక్రము ఉండవలసినదానికంటె 14 మిల్లీమీటర్లు పెద్దదై, ఇరుసు 7 మిల్లీమీటర్లు పైకి లేచెను. ప్రక్కనుండి సూటిగా తీసిన పటమునుండి తప్ప నిడివిని కొలువరాదని ఆనాడు నల్లబల్లమీద వ్రాసితిని. దాని క్రింద నా పేరును వ్రాసితిని. వాడు క్రొత్త చక్రములు కోసికొని రెండు దినములలో తెచ్చెను.

రెండవ చిక్కు లాగుటలో వచ్చెను. చిన్న మోటారు అమర్చి, ట్రైలరులో ఇసుకమూట వేసి విడువగా ట్రాక్టరు చక్రములు గిరగిర తిరిగినవే గాని బండి కదలలేదు. పిల్లలు మరింత బలమైన మోటారు కావలెననిరి. తెచ్చి పెట్టితిమి. చక్రములు మరింత వేగముగా తిరిగినవి!

పొడవు 20వ వంతైనపుడు వైశాల్యము 400వ వంతు, ఘనపరిమాణము 8,000వ వంతు అగును. అసలు ట్రాక్టరు బరువు సుమారు 3,300 కిలోలు; 8,000 చేత భాగింపగా నమూనా 410 గ్రాములుండవలెను. మా బెండు ట్రాక్టరు 90 గ్రాములు మాత్రమే తూగెను. చక్రము నేలను పట్టుట దానిమీద పడు బరువునుబట్టి యుండును. బరువు లేనిదే మోటారు బలము వ్యర్థము. అడుగున ఇనుప మరలు కట్టి 410 గ్రాములు చేయగా, మొదటి మోటారుతోనే బండి బయలుదేరెను. టాంకులను మోయు ట్రైలర్లను లాగిన డైమండ్ టి అను అమెరికా ట్రాక్టరునకు వెనుక ఒక తొట్టి యుండి, అందు కేవలము బరువుకొరకే దిమ్మలు వేసెడివారు. మన రైతులు ట్రాక్టరు ముందు ఇనుప దిమ్మలు తగిలించుటయు, టైర్లలో నీరు నింపుటయు ఇట్టి విద్యయే. ఆ డైమండ్ టి వెనుక ట్రైలరునకు 24 చక్రములెందులకో తెలియగోరువారు దమ్ము చేసిన మడిలో ఒంటికాలిమీద నిలిచి చూడవచ్చును.

ప్రదర్శననాడు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె చాలసేపు చూచి, “మాస్టారూ, ఈ ఫిరంగిని ఎవరిమీదికి తీసికొనిపోయిరి?” అని అడిగెను. జర్మనీ, ఇటలీ, జపాను సేనలమీదికని చెప్పితిని. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసిన సంగతియు చెప్పితిని. “మరి రణరంగ చౌకులో ఏడు స్తంభములు ఎవరివండీ?” అనెను. అదే సంవత్సరము ఆగస్టు 12న, క్విట్ ఇండియా ఉద్యమమున, తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలియైరి. ఒకే ప్రభుత్వము, ఒకే సంవత్సరము, నడుమ నాలుగు నెలలు. ఆ పిల్లకు ఒక్కమాటలో ఏమి చెప్పుదును? నమూనా చేసిన ముగ్గురును ఆ ప్రశ్న విని, సాయంకాలము నన్ను అడుగకయే బల్లమీది చీటి మార్చిరి. వంతు, బరువు, గుండ్ల లెక్క క్రింద ఆ రెండు తేదీలను ఒకదాని ప్రక్క నొకటి వ్రాసిరి. చదివినవారిలో ఇద్దరు పెద్దలు ఏప్రిల్ తేదీ అనవసరమనిరి. మరియొకరు ఆగస్టు తేదీ తీసివేయుమనిరి. చీటి అట్లే యున్నది.

ఇపుడు బాపట్ల విద్యార్థి ఆ ట్రాక్టరునకే ధాన్యపు ట్రైలరు చేయుచున్నాడు. ఈసారి పటముతో పనిలేదు. వాని ఇంటిముందే అసలు బండి కలదు. కొలతబద్ద తీసికొని మొదట కొక్కెపు ఎత్తే కొలిచితినని నిన్న చెప్పెను.